చేవెళ్ల, మొయినాబాదు సీమలలో బాలురకు విరామబోధయు నలంకారబోధయు

తెలుఁగు బడిపుస్తకములలో నేఁడు రెండు చిన్నపాఠములు గానవచ్చును. ఒకటి విరామచిహ్నములను గూర్చినది. రెండవది యుపమ మొదలగు నలంకారములను గూర్చినది. మొదటిది ప్రాథమిక తరగతులలోనే మొదలగును. రెండవది పేరుతోఁ గొంత యాలస్యముగా వచ్చినను, పోలిక చెప్పుమను నభ్యాసరూపమునఁ జిన్నతరగతులలోనే తొంగిచూచును. ఈ రెండు పాఠములును బాశ్చాత్యులనుండి దిగినవని కొందఱును, ప్రాచీనశాస్త్రములనుండి యథాతథముగా వచ్చినవని కొందఱును దలంతురు. రెండు తలంపులును సరికావు. విరామ మన నేమియో పాణినికిఁ దెలియును. చుక్కయుఁ గామాయు నాతనికిఁ దెలియవు. పోలిక యన నేమియో చేవెళ్ల యంగడిలోఁ గూరలమ్ము ముసలమ్మకుఁ దెలియును. ఉపమ యను పేరామెకుఁ దెలియదు. శాస్త్రమునకును జిహ్నమునకును నడుమ, వాడుకకును బేరునకును నడుమ నున్న యెడమును బడి యెట్లు దాఁటెనో, యెచటఁ దాఁటలేక నిలిచిపోయెనో విచారింపఁదగియున్నది. ఈ విచారమునకు హైదరాబాదునకుఁ బశ్చిమమున నున్న మొయినాబాదు, చేవెళ్ల సీమలు తగిన నిదర్శనములు. ఇంటిభాష మాఱకయే బడిభాష ముమ్మాఱు మాఱిన చోటు లివి.

నగరమునుండి వికారాబాదువైపు పోవు మార్గమున మొదట మొయినాబాదును, పిమ్మటఁ జేవెళ్లయుఁ దగులును. మార్గమున కిరువైపుల ముదిమఱ్ఱులు వందలకొలఁది నిలిచియున్నవి. అనంతగిరికొండలలోఁ బుట్టిన మూసీకి 1920లో ఉస్మాన్‌సాగరును, ఈసీకి 1927లో హిమాయత్‌సాగరును గట్టఁబడెను. ఆ రెంటి నడిమి నేలలోఁ బూలతోఁటలు, కూరగాయల మడులు పెక్కు. ఈ సీమలోనిదే వేంకటేశ్వరాలయముచేఁ బ్రసిద్ధమైన చిలుకూరు. 1941లో ఆంధ్రమహాసభ జరిగిన చిలుకూరు నాఁటి నల్లగొండ మండలములోనిది. పేరొకటియే యగుటచేఁ గొందఱు పొరపడుచుందురు కాని, యా యూరికి నీ యూరికి సంబంధము లేదు.

ఈ చిలుకూరు పూర్వము జైనక్షేత్రము. 2023లో మొయినాబాదు మండలమందలి యెనికెపల్లిలోఁ జెఱువుతూమునకు వాడఁబడిన రెండు ఱాతిస్తంభములు గుర్తింపఁబడెను. వానిమీఁదఁ దీర్థంకరుల ప్రతిమలును, తెలుఁగు-కన్నడ లిపిలో శాసనములును గలవు. వేయేండ్లనాఁటి యీ సీమయందు వ్రాఁత యుండెననుట కంతకంటె నిదర్శనము వలదు. అయిన నట్టి ప్రాచీనశాసనములఁ జూచువానికి మొదటఁ దోఁచునది యక్షరముల నిరంతరప్రవాహము. పదమునకుఁ బదమునకు నడుమ నెడము లేదు. వాక్యము ముగిసెనని చెప్పు గుఱుతు మిక్కిలి యరుదు. తాళపత్రముల వ్రాఁతయు నట్టిదే. పద్యము తుదిని నొక గీఁటో రెండు గీఁట్లో యుండును. గద్యమున నదియు లేదు. ఇది వ్రాయసకాండ్ర యజాగ్రత్త కాదు. చదువు చూపుపని కాక నోటిపని యైన కాలమున, వ్రాఁత యుచ్చారణమునకు జ్ఞాపిక మాత్రమే. ఎచట నాఁగవలెనో చదువరి యెఱుఁగును, ఎఱుఁగనివాఁడు గురువు నడుగును.

ఆఁగుటను గూర్చిన శాస్త్రము లేకపోలేదు. పాణిని వర్ణముల యత్యంతసామీప్యమునకు సంహిత యనియు, వర్ణముల విరామమునకు నవసాన మనియు సంజ్ఞలు చేసెను. ఈ రెండు సంజ్ఞలు నొకదాని ప్రక్క నొకటి యుంచుటలోనే యాతని సూక్ష్మదృష్టి తెలియుచున్నది. కలిపి పలికినచో వర్ణవికారములు కలుగును, ఆఁగినచోఁ గలుగవు. ఒక పదములోపలను, ధాతూపసర్గముల నడుమను, సమాసమందును సంహిత నిత్యమనియు, వాక్యమునందు మాత్రము వక్త యిచ్ఛ ననుసరించుననియు వైయాకరణుల సంప్రదాయము. అనఁగా వాక్యమున నెచట నాఁగవలెనో నిర్ణయించుట వక్త కధీనము. ఆఁగెనా లేదా యనుట సంధివలనఁ దెలియును. సంధి చేయఁబడెనేని విరామము లేదు. సంధి లేదేని విరామమునకుఁ జోటున్నది. కావున ప్రాచీనవ్రాఁతయందు విరామచిహ్నములు లేవనుట సగము సత్యమే. సంధియే నాఁటి చిహ్నము.

తెలుఁగున నీ సంగతి మఱింత స్పష్టము. "వచ్చెను" అను ద్రుతాంతమునకుఁ "కాని" యనునది పరమైనపుడు, కలిపి పలికినచో "వచ్చెఁ గాని" యగును, ఆఁగి పలికినచో "వచ్చెను, కాని" యని నిలుచును. మొదటిదానియందలి యరసున్నయు సరళాదేశమును "ఇచట నాఁగకుము" అని చెప్పుచున్నవి. రెండవదానియందలి కామా "ఇచట నాఁగుము" అని చెప్పుచున్నది. ఎవరైన "వచ్చెఁ, గాని" యని ముద్రించినచో నది యొకచేత రమ్మని మఱియొకచేతఁ బొమ్మనుటయే. సరళగ్రాంథికమున వ్రాసినవారికి నీ చిక్కు నిత్యము. చిన్నపిల్లల కొఱకు సంధులు విడఁదీసి పుస్తకములు కూర్చినప్పుడు, సంధి చేసిన పనిని మఱియేదో చేయవలసివచ్చెను. చుక్కయుఁ గామాయు నా ఖాళీలోఁ జొచ్చినవి.

ఇది యొక్కటియే కాదు. తెలుఁగువాక్యము తన విరామస్థానములను దానే చెప్పుకొనును. సమాపకక్రియ వచ్చెనేని వాక్యము ముగిసినది. "చేసి", "చేయుచు", "చేయఁగా" అను రూపములు వచ్చెనేని వాక్య మింకను సాఁగుచున్నది. పరులమాట "అని" యను శబ్దముతో ముగియును. వినికిడిమాటకు "అట" గలదు. ప్రశ్న కడపటి యాకారమువలననో, "ఏమి", "ఎవఁడు" మొదలగు పదములవలననో తెలియును. ఇన్ని గుఱుతులు మాటలోనే యుండఁగా నాంగ్లమునందువలెఁ బ్రశ్నచిహ్నముగాని యుద్ధరణచిహ్నములుగాని యిచట నత్యావశ్యకములు కావు. "వచ్చెనా" యన్నచోఁ బ్రశ్న ముగిసినది. దానిపైఁ బెట్టిన కొక్కెము సౌకర్యమే కాని ప్రాణము కాదు. ఈ భేదమును బాలునకుఁ జెప్పని యుపాధ్యాయుఁడు రెండు భాషలకును నొకే పాఠము చెప్పుచున్నాఁడు.

అయినను గామా వ్యర్థమని తలంపరాదు. ఈ వాక్యముఁ జూడుఁడు: "తల్లి నవ్వుచు వచ్చుచున్న తండ్రిని బిలిచెను." ఇచట నవ్వినది యెవరు? "తల్లి" తరువాతఁ గామా యుంచినచో నవ్వు తండ్రిది. "నవ్వుచు" తరువాత నుంచినచో నవ్వు తల్లిది. విభక్తి, క్రియ, సంధి, ఇవి యేవియు నిచటి సందేహమును దీర్పఁజాలవు. ఆఁగుట యొక్కటియే తీర్చును. నోట నాఁగినదానిని గంటికిఁ జూపుటయే కామా పని. ఇట్టి వాక్యము నొకదానిని రెండు విధములఁ జదివించి, నవ్వినవారెవరని యడిగినచో నెనిమిదేండ్ల బాలుఁడు సైతము చిహ్నమునకుఁ గల బలము నెఱుఁగును. పట్టికగా వ్రాయించి, పేళ్లు కంఠస్థము చేయించినచో నెఱుఁగఁడు.

పద్యమున విరామకథ వేఱు. సంస్కృతచ్ఛందస్సునందు యతి యనఁగా విచ్ఛేదము. శ్లోకపాదమున నచట నాఁగవలెను. తెలుఁగున నదే పేరు వడికిఁ జెల్లెను. వడి యక్షరములకు మైత్రి చెప్పునే కాని యచట మాట తెగవలెననదు. పాదాంతమునఁ గూడ మాట తెగనక్కఱలేదు. నన్నయనాఁటినుండి తెలుఁగుకవులు పదమును, వాక్యమును బాదమునుండి పాదమునకుఁ బాఱనిచ్చిరి. అందువలనఁ బద్యమును బంక్తిపంక్తికి నాఁగి చదువు బాలుఁడు తఱచుగా నర్థమును నడుమ నఱకును. శతకములలో దీనికిఁ గొంత విఱుగుడు గలదు. మకుటము వచ్చినంతనే పద్యము ముగిసెనని చెవికిఁ దెలియును. ధర్మపురి శేషప్పకవి నరసింహశతకము తెలంగాణమున నింటింట వెలయుట కా పద్యముల యెత్తుగడయు మకుటమును గారణములు. మకుటమే యచటి పూర్ణవిరామము.

స్త్రీల పాటలలో నిది యింకను జక్కఁగా నున్నది. బతుకమ్మపాటలోఁ జరణము నడుమ నొకమాఱును, తుద నొకమాఱును "ఉయ్యాలో" యను పల్లవి వచ్చును. ఒక యామె చెప్పఁగాఁ దక్కినవారు దానినందుకొందురు. ఊపిరి యచటఁ దీసికొందురు. అర్థ మచట నిలుచును. చేవెళ్లలోఁ గాని మొయినాబాదులోఁ గాని తల్లిచేయి పట్టుకొని బతుకమ్మచుట్టుఁ దిరిగిన బాలిక, సగము విరామమును నిండు విరామమును నక్షరములు రాకముందే నేర్చినదన్నమాట. బడి యీ నేర్పును వాడుకొన్నది తక్కువ.

పూర్వపు కానిగిబడి యీ నేర్పును వాడుకొన్నదో లేదో యోచింపవలసినదే. బళ్లారిసీమ 1800 వఱకు నైజాము నేలుబడిలో నుండి పిమ్మటఁ గుంపెనీవారి పరమయ్యెను. 1822లో మన్రో చేయించిన విచారణకుఁ బ్రత్యుత్తరముగా నచటి కలెక్టరు క్యాంబెలు 1823 ఆగస్టులో వ్రాసిన నివేదిక మిక్కిలి విలువగలది. 533 బడులు, 6,641 మంది విద్యార్థులు నా సీమలో నుండిరని యాతఁడు లెక్క చెప్పెను. పిల్లలు మొదట నిసుకలో వ్రేలితో నక్షరములు దిద్దుదురు. చదువుటయు వ్రాయుటయు నొక్కమాఱే నేర్తురు. ముందున్నవారు వెనుకవారికిఁ జెప్పుదురు. ఈ పద్ధతుల నాతఁడు మెచ్చెను. కాని పాఠ్యములగు పద్యకావ్యముల భాషకును వాడుకభాషకును మిక్కిలి భేదముండుటచేఁ బిల్లలు నర్థమెఱుఁగక వల్లించుచున్నారనియు, ప్రతికిఁ బ్రతికిఁ బాఠభేదము లుండుననియు నాక్షేపించెను.

ఆ యాక్షేపము నిజమే. అయిన దానిలో నొక సంగతి జాఱినది. వల్లించుట గురుముఖమున జరుగును. ఎచట నాఁగవలెనో, యెచట గొంతు పెంచవలెనో గురువు నోటివెంబడి బాలుఁడు నేర్చును. అర్థము రాకున్నను విరామము వచ్చును. అర్థము పదేండ్ల తరువాత వచ్చినపుడు విరామ మప్పటికే సిద్ధముగా నుండును. పోలికలును నట్లే. ఉపమాన మేది, ఉపమేయ మేది యని యెవరు నడుగలేదు. వంద పద్యములలోని వంద పోలికలు నోట నిలిచెను. తరువాతి బడి యర్థమును ముందుకుఁ దెచ్చి మేలు చేసినది. ఆ త్రోవలోనే గొంతును వెనుకకుఁ ద్రోసినది.

అచ్చుపుస్తకము వచ్చినపుడు మార్పు త్వరపడెను. పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష, పరవస్తు చిన్నయసూరి 1853 నాఁటి నీతిచంద్రిక మొదలుగా బడులకుఁ గూర్చిన పుస్తకములు 19వ శతాబ్ది నడుమ వెలువడఁజొచ్చెను. అచ్చుకూటము మాటలనడుమ నెడమును, వాక్యాంతమునఁ జుక్కను సామాన్యము గావించెను. గొంతులేని చదువునకు, అనఁగా నొంటిగా గూర్చుండి కన్నులతోఁ జదువుకొను చదువునకు, నివి కావలసినవే. విరామచిహ్నములఁ దెచ్చినది వ్యాకరణము కాదు, అచ్చు. వ్యాకరణగ్రంథములు వాని కధ్యాయ మిచ్చుట పిమ్మటి సంగతి.

అలంకారముల చరిత్ర దీనికి విపర్యస్తము. వానికి శాస్త్రము ముందు, బడి వెనుక. యాస్కుఁడు నిరుక్తమున నుపమను విచారించెను. భరతుఁడు ఉపమ, రూపకము, దీపకము, యమకము అని నాలుగింటిని జెప్పెను. కాకతీయుల యోరుగంటిలో విద్యానాథుఁడు ప్రతాపరుద్రీయము రచించెను. అప్పయ్యదీక్షితుఁడు 16వ శతాబ్దిలో జయదేవుని చంద్రాలోకము నాధారముగాఁ గొని కువలయానందము వ్రాసి, నూఱింటికిఁ బైబడిన యలంకారములను వివరించెను. పండితకుటుంబములలో నలంకారశాస్త్రమునకుఁ దొలిమెట్టు నేఁటికి నీ గ్రంథమే. బాలుర కలంకారములలోఁ బ్రవేశము కలిగించుటకై దీనిని వ్రాయుచున్నానని యాతఁ డారంభముననే చెప్పుకొనెను.

ఇచట బాలశబ్దమును బరికింపవలెను. శాస్త్రకారుల వాడుకలో బాలుఁ డనఁగా నా శాస్త్రమును జదువనివాఁడు, వయసుతోఁ బనిలేదు. వ్యాకరణమును గావ్యములను నభ్యసించి ముప్పదియేండ్లు వచ్చినవాఁడైనను, అలంకారశాస్త్రమునకుఁ గ్రొత్తయైనచో బాలుఁడే. చిన్నయసూరి బాలవ్యాకరణమునందలి బాలుఁడును నిట్టివాఁడే; ఆ సంగతి మఱచి దానిని నిజముగాఁ బసివారి చేతఁ బెట్టినవారు పడిన పాట్లు తెలుఁగుదేశమునఁ బలువు రెఱుఁగుదురు. కువలయానందపు బాలుఁడు వేనవేలు పోలికలను ముందే యెఱిఁగినవాఁడు. వానికిఁ గావలసినది పేరు. బడిలోని బాలునకుఁ గావలసినది పోలిక, పేరు తరువాత. చంద్రాలోకమునందు శ్లోకపు మొదటిసగమున లక్షణము, రెండవసగమున లక్ష్యము. ఈ వరుస పండితబాలునకుఁ దగును. ఈ వరుసనే చిన్నబడికిఁ దెచ్చి, మొదట నిర్వచనము, పిమ్మట నొక యుదాహరణము, దానితో సరి యనుటలోనే తప్పంతయు నున్నది. పేరు ముందు వచ్చి వస్తువు వెనుక వచ్చినచోఁ బిల్లవాఁడు పేరునే నేర్చును.

వ్యాకరణమున కింకొక త్రోవ తెలియును. పాణిని యుపమను నలంకారముగాఁ గాక సమాసముగాఁ జూచెను. ఉపమానము సాధారణధర్మవాచకముతోఁ గలియును. మేఘశ్యాముఁడు వంటివి యందు వచ్చును. ఉపమేయము వ్యాఘ్రాదులతోఁ గలియును. నరవ్యాఘ్రుఁడు వంటివి యిందు. తెలుఁగుబడిలో నుపమానపూర్వపద, ఉపమానోత్తరపద కర్మధారయములను పేళ్లతో నివియే పరీక్షలకు వచ్చుచున్నవి. ఒకే పోలిక సమాసపాఠమున నొకమాఱును, అలంకారపాఠమున నింకొకమాఱును వచ్చుచుండఁగా, రెండును నొకటే యని చెప్పువారు తక్కువ. చెప్పినచో బాలుని భారము సగము తగ్గును.

నైజాము రాజ్యమున నీ బోధ యెట్లు సాఁగెనో చెప్పుట కెక్కువ మాటలక్కఱలేదు. 19వ శతాబ్ది తుదిపాదమునఁ బారసీకము స్థానమున ఉర్దూ రాజభాష యయ్యెను. 1918లో ఉర్దూ మాధ్యమముగా ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసెను. ప్రాథమికశాలలలోఁ దెలుఁగునకుఁ గొంత చోటున్నను, పై తరగతులకుఁ బోఁగోరువానికి ఉర్దూ తప్పదు. ఉపమకు "తష్‌బీహ్‌", రూపకమునకు "ఇస్తిఆరా" యని యా భాషలోఁ బేళ్లు. మొయినాబాదునుండి నగరమునకుఁ జదువఁబోయిన తెలుఁగుపిల్లవానికి, తల్లి నోట దినదినము విన్న పోలికకు మొదటిపే రరబ్బీనుండి వచ్చెను. ఆ పేరు చెడ్డదని కాదు. ఆ శాస్త్రము గొప్పది. కాని దాని యుదాహరణములు పారసీక ఉర్దూ కవిత్వములోని గులాబి, బుల్‌బుల్‌ మొదలగునవి. తన యింటిపోలికయు నా పేరుతోఁ బిలువఁదగునని యా పిల్లవానికిఁ దోఁచుట దుర్లభము.

మాతృభాషలో విద్య కావలెనని యాంధ్రమహాసభలు పలుమాఱులు కోరెను. 1936లో షాద్‌నగరమున జరిగిన మహాసభ కధ్యక్షుఁడైన కొండా వెంకటరంగారెడ్డి మొయినాబాదు సీమయందలి పెదమంగళారమువాఁడు. 1978లో నేర్పడిన జిల్లా కాతని పేరే పెట్టఁబడెను. 1928లో మాడపాటి హనుమంతరావు నగరమున స్థాపించిన యాంధ్ర బాలికల పాఠశాల తెలుఁగున బోధించుచుండుటచే, పరీక్షలకై దూరమున నున్న పూనాయందలి కార్వే మహిళావిశ్వవిద్యాలయము నాశ్రయింపవలసివచ్చెను. తెలుఁగుదేశము నడుమనే తెలుఁగుచదువున కింతటి చుట్టుదారి. 1948 సెప్టెంబరు తరువాత నా దారి తిన్నఁబడెను. 1949లో సర్ఫెఖాసు విలీనమయ్యెను, జాగీరులు రద్దయ్యెను, నగరపు చుట్టుపట్ల గ్రామములు సర్కారు పాలనలోనికి వచ్చెను, తెలుఁగుబడులు పెరిగెను.

పెరిగిన బడులలోనికిఁ గృష్ణాగోదావరీతీరముల భాషతోఁ గూడిన పుస్తకములు 1956 తరువాత వచ్చినవి. చిక్కు మఱియొక రూపు దాల్చెను. ఉపమావాచకము లెవ్వి యన్న ప్రశ్నకు "వలె, పోలె, లాగ" యను వరుస పాఠమయ్యెను. చేవెళ్లపిల్లవాని నోట నీ మూఁడింటిలో నొకటియుఁ దఱచుగా రాదు. వాఁడనునది "లెక్క". "పులిలెక్క దుంకిండు", "చెరువు అద్దంలెక్క ఉన్నది" అనును. "తీరు" అనునదియు నట్టిదే. ఈ "లెక్క"ను గ్రామ్యమని కొట్టివేసిన యుపాధ్యాయులు కలరు. గణితపు మాటను బోలిక కేల వాడితివని నవ్వినవారును గలరు.

విచారించినచో నా నవ్వునకుఁ జోటు లేదు. కావ్యములలో నుపమావాచకములుగా మన్నన గన్న "కరణి", "పగిది", "భంగి", "రీతి", "చందము" అనునవి యన్నియు మొదట విధము, తీరు అను నర్థముగల నామవాచకములే. ఉపమేయోపమానముల నడుమ నిలిచి నిలిచి యవ్యయప్రాయము లయ్యెను. "లెక్క"యు నదేత్రోవ నడచెను. "పులిలెక్క" యనఁగాఁ బులిగా నెన్నఁదగునట్లు, పులుల గణనలోఁ జేరునట్లు అని. సంస్కృతమున నీషదసమాప్తియందు వచ్చు కల్పప్ప్రత్యయము, క్రియాసామ్యమున వచ్చు వతిప్రత్యయము ఎట్లు వేర్వేఱు చాయలఁ జూపునో, "లెక్క"యు నట్లొక చాయను జూపును. పులి కాకున్నను బులులలో నెన్నవచ్చును అను భావము "వలె" యనుటలో రాదు. ఇట్టి మాటను దప్పని దిద్దుట వలన బాలుఁడొక మాట కోలుపోవుటయే కాదు, పోలిక యనునది తన నోటిది కాదు, పుస్తకముదని నమ్మును. ఆ నమ్మకము కుదిరినపిదప నెన్ని యలంకారములు చెప్పినను వల్లెవేయుటయే మిగులును.

ఇంటనున్నది యుపమ యొక్కటియే కాదు. పొడుపుకథ యంతయు రూపకాతిశయోక్తి. ఉపమేయమును మ్రింగి యుపమానమును మాత్రమే చెప్పుట యా యలంకారలక్షణము. మ్రింగినదానిని గ్రక్కింపుమనుటయే పొడుపు. క్యారటుమడి గట్టున నాడుకొను బాలుఁడు "మన్నుల ఎర్రదొర, నెత్తిమీద పచ్చతలపాగ" యని పొడిచెనేని, కువలయానందము చదువకయే యా లక్షణమును సాధించినవాఁడు. బడిలో నుపాధ్యాయుఁడు చేయవలసిన పని, ఎఱ్ఱదొర యెవఁడు, తలపాగ యేది, రెంటికిఁ బోలిక యెచట నున్నది యని మూఁడు ప్రశ్న లడుగుట. పేరు మఱునాఁడు చెప్పవచ్చును. ఆఱవ తరగతిలోఁ జెప్పినను దోషము లేదు.

2014లోఁ దెలంగాణ రాష్ట్ర మేర్పడిన తరువాత నీ సీమ పలుకుబడికిఁ బుస్తకములలో మునుపటికంటె మన్నన కలిగెను. 2018లోఁ జేయఁబడిన శాసనము బడులన్నిటఁ దెలుఁగును దప్పనిసరి గావించెను. 2022లోఁ జదువు, లెక్కలందుఁ జిన్నతరగతులవారికిఁ బునాది వేయుటకై "తొలిమెట్టు" కార్యక్రమ మారంభ మయ్యెను. ఆ విద్యాసంవత్సరముననే సర్కారుబడులలో నాంగ్లమాధ్యమము ప్రవేశపెట్టఁబడి, పాఠ్యపుస్తకము లొకపుట నాంగ్లమును, ఎదుటిపుటఁ దెలుఁగును గలిగి యచ్చుపడెను. బడిభాష యీ సీమలో మూఁడవమాఱు మాఱినది.

విరామవిషయమున నిట్టి జంటపుటలు గొప్ప యవకాశము నిచ్చుచున్నవి. ఆంగ్లపుటలోఁ బరుల మాటకుఁ జుట్టు నుద్ధరణచిహ్నములు లేకున్న నెవరిమాట యెచట ముగిసెనో తెలియదు. తెలుఁగుపుటలో "అని" యుండనే యున్నది. అయినను దెలుఁగుపుటయందు నవే చిహ్నములు పెట్టుట వాడుక. ముగింపుచిహ్నము "అని"కి ముందు పడును. బాలుఁడు దానిని జూచి యచట నాఁగును. "రేపు వచ్చెదను" అని నిలిచి, ఊపిరి తీసి, "అని చెప్పెను" అని మొదలిడును. తెలుఁగునోరు పలుకునది యట్లు కాదు. "వచ్చెదనని" యని రెండును గలసిపోవును. విరామము "అని" తరువాతనే కాని ముందు లేదు. పిల్లవానిచేత నా వాక్యమును మొదట నవ్వ చెప్పిన కథగాఁ జెప్పించి, పిదపఁ బుస్తకమునఁ జదివించినచో, ఎచట నాఁగవలెనో చెవియే తీర్పు చెప్పును.